పూటకాపు, ప్రాయశ్చిత్తము, న్యాయపీఠము

మా తాతగారు బళ్లారిలో ఒక వకీలుగారి యొద్ద గుమాస్తాగా నుండిరి. ధర్మశాస్త్రమన్నను దస్తావేజులన్నను ఆయనకు సమానమైన ప్రీతి. మా వీథి చివర నొక క్రైస్తవ ఉపాధ్యాయు లుండెడివారు. సాయంకాలమున బడి విడిచిన పిమ్మట వారు మా అరుగు మీదికి వచ్చి కూర్చుండుటయు, ఇరువురును చీకటి పడువరకు మాటలాడుటయు పరిపాటి. చిన్నతనమున నేను స్తంభమున కానుకొని వినిన మాటలలో నొకటి మాత్రము చెవినుండి పోలేదు. తాతగారు ఇట్లడిగిరి: "పంతులుగారూ, అప్పునకు పూటకాపు ఉండవచ్చును. శిక్షకు పూటకాపు ఉండునా? ఒకడు దొంగిలించగా వేరొకనిని చెరసాలలో పెట్టిన దొరను న్యాయమూర్తి యందురా?" పంతులుగారు నవ్వి, "అయ్యగారూ, ఆ మాట మా గ్రంథములోనే యున్నది" అని హెబ్రీయుల పత్రిక తీసి, క్రీస్తును "పూటకాపు" అని చెప్పిన చోటు చూపించిరి. తాతగారు కన్నులజోడు సవరించుకొని చూచి, "మాట మంచిదే, నా ప్రశ్న మాత్రము తీరలేదు" అనిరి.

ఆ ప్రశ్న తాతగారి స్వంతమనియే నేను చిరకాలము తలచితిని. తరువాతి చదువులో, అదే ప్రశ్న 1578లో ఒక ఇటలీ దేశస్థుడును, 1820 ప్రాంతమున కలకత్తాలో రామమోహన రాయలును, ఇంచుమించు అవే మాటలతో అడిగియున్నారని తెలిసి ఆశ్చర్యపడితిని. ఈ వ్యాసము మతబోధ గాదు, మతఖండనము నంతకంటె గాదు. పరరాష్ట్రములలో తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో హిందువులును క్రైస్తవులును ఒకే వీథిలో నివసించిన వారే. ఒక ఇంటివారి ముఖ్యవిశ్వాసము రెండవ యింటివారికి వింతగా తోచినప్పుడు, ఆ విశ్వాసము నడచివచ్చిన దారి యెట్టిదో తెలిసికొనుట ఇరువురకును ఉపయుక్తమని మాత్రమే నా తలంపు.

మొదట మన మాట సంగతి. ప్రాయశ్చిత్త మనగా మనవారి యెరుకలో పాపము చేసినవాడు తానే చేయవలసినది. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమును, యాజ్ఞవల్క్యస్మృతి మూడవ అధ్యాయమును ఈ విషయమునకే ప్రధానముగా నుద్దేశింపబడినవి. కృచ్ఛ్రము, చంద్రకళల ననుసరించి కబళములు పెంచుచు తగ్గించుచు నాచరించు చాంద్రాయణము మున్నగునవన్నియు కర్తయొక్క దేహమునకే సంబంధించినవి. తెలియక చేసిన పాపము ప్రాయశ్చిత్తముచే పోవును. బుద్ధిపూర్వకముగా చేసినవాడు ప్రాయశ్చిత్తము చేసికొన్నను లోకవ్యవహారమునకు మాత్రమే యోగ్యుడగునని యాజ్ఞవల్క్యుని మతము.

ఇక అప్పు సంగతి వేరు. వ్యవహారాధ్యాయమున పూటకాపులు మూడు విధములుగా చెప్పబడిరి. మనిషిని హాజరుపరచుటకు ఒకడు, నమ్మకము పలుకుటకు ఒకడు, సొమ్ము చెల్లించుటకు ఒకడు. తండ్రి చేసిన ఋణమును కొడుకు తీర్చవలెను. అయితే తండ్రి త్రాగుడునకును జూదమునకును చేసిన అప్పును, రాజునకు చెల్లింపక మిగిల్చిన దండుగను కొడుకు తీర్పనక్కరలేదని అదే స్మృతి స్పష్టముగా చెప్పినది. ఋణము చేతులు మారును, దండము మారదు. మా తాతగారి ప్రశ్నకు మూలము ఇచ్చటనే యున్నది. యాజ్ఞవల్క్యునకు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు నేటి కర్ణాటకములోని కళ్యాణమున, ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) కాలము వాడు. ఆ గ్రంథమును పదమూడవ శతాబ్దిలో తిక్కన శిష్యుడు కేతన తెనిగించెను. కావున ఈ విచారము తెలుగువారికి క్రొత్తది గాదు.

క్రైస్తవ సిద్ధాంతమునకు బీజము యూదుల ఆలయములో నున్నది. లేవీయకాండము పదునారవ అధ్యాయమున సంవత్సరమున కొకమారు జరుపు ప్రాయశ్చిత్తార్థ దినము వర్ణింపబడినది. రెండు మేకపోతులను తెచ్చి, ఒకదానిని వధించి ఆ రక్తమును గర్భాలయమున ప్రోక్షింతురు. రెండవదాని తలపై ప్రధానయాజకుడు చేతులుంచి, జనుల దోషములన్నియు నొప్పుకొని, దానిని అడవిలోనికి తోలించును. చంపబడినది పాపములను మోయలేదు, పాపములను మోసినది చంపబడలేదు. ఈ రెండు క్రియలును తరువాతి వ్యాఖ్యాతల మనస్సులలో కలసిపోయినందుననే చిక్కు లనేకములు పుట్టినవని నా యభిప్రాయము. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము ఆలయమును ధ్వంసము చేయగా బలులు నిలిచిపోయెను. యూదులు ప్రార్థనను, పశ్చాత్తాపమును, దానధర్మములను ఆ స్థానమున నిలుపుకొనిరి. క్రైస్తవులు సిలువ మీది మరణమునే కడపటి బలిగా నెంచిరి.

అయితే ఆ మరణము పాపము నెట్లు పోగొట్టెనను విషయమున క్రొత్త నిబంధన ఒకే మాట చెప్పదు. బానిసల సంతలోని విడుదల సొమ్ము ఒక పోలిక. తెలుగున దీనిని "విమోచన క్రయధనము" అనిరి. బలిపీఠ మొకటి, న్యాయస్థాన మొకటి, పగవారి నడుమ సంధి యొకటి. తొలి శతాబ్దుల పెద్దలు ఈ పోలికలను పోలికలుగానే వాడుకొనిరి. చిక్కంతయు క్రయధనమును అక్షరశః తీసికొన్నప్పుడు వచ్చినది. సొమ్ము చెల్లించినచో ఎవరికి చెల్లించినట్లు? సైతానునకని మూడవ శతాబ్దిలో ఓరిగెను మొదలైనవారు తలంచిరి. నాలుగవ శతాబ్దిలో నిస్సా పట్టణపు గ్రెగొరీ, క్రీస్తుయొక్క దైవత్వము మానవదేహమను ఎరలో దాగిన గాలమనియు, సైతాను ఎర మ్రింగి గాలమునకు చిక్కెననియు చెప్పెను. అతని మిత్రుడైన నజియాంజసు గ్రెగొరీ ఈ మాటను సహింపలేకపోయెను. దొంగకు సొమ్ము చెల్లించుట దేవునికి తగునా యని యడిగి, తండ్రికి చెల్లించెనన్నను, తన కుమారుని రక్తమునందు తండ్రి కేమి సంతోషమని కూడ నడిగెను. 325లో నైసియా సభయు 451లో కాల్సిడోను సభయు క్రీస్తు ఎవరను దానిని నిర్ణయించినవే గాని, ఆయన మరణము ఏ విధముగా పనిచేసెనో ఏ మహాసభయు సూత్రము చేయలేదు. ఈ సంగతి క్రైస్తవులలోనే పలువురకు తెలియదు.

మనకు కళ్యాణమున విజ్ఞానేశ్వరు డున్న దినములలోనే ఐరోపాలో ఆన్సెల్ము అను సన్న్యాసి ఈ ప్రశ్నను చేపట్టెను. అతడు 1033లో ఇటలీ ఉత్తరభాగమున ఆవొస్తాలో పుట్టి, 1093లో ఇంగ్లండునందలి కాంటర్బరీకి ప్రధాన బిషప్పయ్యెను. రాజు రెండవ విలియముతో వివాదపడి దేశము విడిచి, 1098లో ఇటలీలోనే తన గ్రంథము ముగించెను. "దేవుడు మనుష్యుడేల యయ్యెను" అని దాని పేరు. బోసో అను శిష్యుడు ప్రశ్నింప గురువు చెప్పు సంవాదరూపమున నున్నది. సైతానునకు ఏ హక్కును లేదని మొదటనే త్రోసివైచి, పాపమనగా దేవునికి చెల్లవలసిన గౌరవమును చెల్లింపకుండుట యని నిర్వచించెను. గౌరవభంగము జరిగినచోట రెండే మార్గములు: నష్టమునకు మించిన పరిహారమైనను కావలెను, లేదా శిక్షయైనను కావలెను. చెల్లించవలసినవాడు మనుష్యుడు, చెల్లింపగల శక్తి దేవునికే కలదు. కాబట్టి దేవుడును మనుష్యుడును అయినవాడే దానిని చెల్లింపవలెను. నాటి జమీందారీ సమాజమున ప్రభువు గౌరవమునకు లోపము చేసినవాడు హోదాకు తగిన పరిహార మిచ్చుకొను ఆచారము ఇందు ప్రతిఫలించినదని చరిత్రకారు లందురు. కాని ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఆన్సెల్ము మతమున పరిహారము శిక్షకు బదులు. క్రీస్తు శిక్షింపబడెనని అతడు చెప్పలేదు. తన కవసరములేని మరణమును తానై సమర్పించెననియే చెప్పెను. అప్పు తీర్చినవాడే గాని దండన పొందినవాడు కాడు. మా తాతగారి స్మృతిజ్ఞానమునకు ఆన్సెల్ము చిక్కడు.

పీటరు అబెలార్డు (1079-1142) ఆ లెక్కయే తప్పనెను. నిర్దోషి రక్తమును వెలగా కోరుట క్రూరము గదా, దానివలన దేవుడు సమాధానపడుట యెట్లని రోమీయుల పత్రిక వ్యాఖ్యలో ప్రశ్నించి, సిలువ యందు కనిపించిన ప్రేమ మనుష్యుని హృదయమున ప్రేమను రగిలించుటయే విమోచనమని చెప్పెను. క్లేర్వో బెర్నార్డు ఎదిరింపగా, 1140 ప్రాంతమున సాన్సు పట్టణపు సభలో అబెలార్డు వాక్యములు దోషయుక్తములని తీర్మానింపబడినవి. అబెలార్డు ఓడిపోయినను అతని ప్రశ్న ఓడిపోలేదు.

తరువాత పదునారవ శతాబ్దిలో లూథరు వచ్చెను. దేవుని నీతి అను మాటను తాను ద్వేషించెడివాడననియు, అది పాపిని దండించు నీతి యని తలచి భయపడితిననియు ఆయన 1545లో స్మరించుకొనెను. రోమీయుల పత్రికలో ఆ మాటకు, దేవుడు పాపికి వరముగా నిచ్చు నీతి యని యర్థము తోచినప్పుడు స్వర్గద్వారములు తెరచినట్లాయెనని చెప్పెను. కాల్విను న్యాయశాస్త్రము చదివిన వాడు. 1536లో మొదట వెలువడి 1559లో పూర్ణరూపము పొందిన ఆయన గ్రంథమున, క్రీస్తు నేరస్థుని స్థానమున న్యాయపీఠము నెదుట నిలిచి మన దండనను భరించెనను భావము బలపడినది. జమీందారు ముంగిలినుండి సిద్ధాంతము కోర్టుకు వచ్చినది. వెంటనే కోర్టు ప్రశ్నలును వచ్చినవి.

ఆ ప్రశ్నలు వేసినవాడు ఫౌస్తో సొచ్చీని. పైన నేను చెప్పిన ఇటలీ దేశస్థు డితడే. 1578లో వ్రాసి 1594లో అచ్చువేయించిన గ్రంథమున అతడు చెప్పిన దిది. సొమ్ము ఒకని బదులు వేరొకడు చెల్లింపవచ్చును, శిక్ష యట్లు చెల్లదు. అంతియేగాక, అప్పు పూర్తిగా చెల్లినచో క్షమించుట కేమి మిగిలినది? క్షమించినచో చెల్లింపేల? ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె పదునైనది. దీనికి సమాధానముగా 1617లో హాలెండు న్యాయవేత్త గ్రోషియసు వేరు దారి తీసెను. దేవుడు అప్పులవాడును గాడు, పగవాడును గాడు, రాజు. రాజు క్షమింపవచ్చును, కాని ఊరక క్షమించినచో ధర్మమునెడల భయము పోవును. కావున సిలువ మరణము ధర్మశాసనము ఎంత గంభీరమైనదో లోకమునకు చూపుటకై జరిగెనని యాతని వాదము. న్యాయవాదుల చమత్కారము మెచ్చదగినదే గాని, చూపుటకై ఒక నిర్దోషిని చంపుట న్యాయమగునా యను మాట ఇందును మిగిలియే యున్నది.

ఈ వాదములన్నియు బరువుగా మోసికొనియే క్రైస్తవ బోధకులు తెలుగుదేశమునకు వచ్చిరి. జర్మనుడైన బెంజమిన్ షుల్జు 1726 మొదలు చెన్నపట్టణమున నుండి బైబిలును తెలుగున వ్రాసెను గాని అది అచ్చుపడలేదు. 1805లో లండను మిషనువారైన క్రాను, డెగ్రాంజిలు విశాఖపట్టణము చేరి, క్రైస్తవుడైన ఆనందరాయరు అను బ్రాహ్మణుని సాయమున సువార్తలను తెనిగించిరి. వాటిలో మూడు 1812లో బెంగాలులోని శ్రీరామపురమున అచ్చయినవి. మా బళ్లారికి అదే మిషనువాడైన జాన్ హ్యాండ్సు 1810లో వచ్చి కన్నడమున పనిచేసెను. బళ్లారి నుండియే 1822లో కడపకు విలియం హోవెల్ వెళ్లెను.

తెలుగు సువార్తలు అచ్చుపడిన ఆ శ్రీరామపురమునకే సిలువ విషయమున పెద్ద వివాదము తగిలినది. 1820లో రామమోహన రాయలు ఏసు బోధలను మాత్రమే యేరి, అద్భుతములను సిద్ధాంతములను విడిచి, ఒక పుస్తకము ప్రకటించెను. నీతిబోధ చాలదు, ప్రాయశ్చిత్తబలి లేక పాపికి గతి లేదని శ్రీరామపురపు జాషువా మార్ష్‌మన్ ఎదిరించెను. రాయలు 1820, 1821, 1823లలో మూడు సమాధానములు వ్రాసెను. హీబ్రూ గ్రీకు భాషలు నేర్చి, వారి గ్రంథమునుండియే వారికి జవాబు చెప్పెను. ఒకని నేరమునకు నిర్దోషిని దండించుట మానవన్యాయమునకే విరుద్ధముకాగా దైవన్యాయమునకు తగునా యనునది ఆయన వాదములలో నొకటి. రాయలతో కలసి బైబిలు భాషాంతరము చేయుచుండిన విలియం ఆడమ్ అను బాప్టిస్టు బోధకుడు 1821లో రాయల పక్షమునకే చేరిపోయెను! మూడవ సమాధానమును మిషను ముద్రాలయమువారు అచ్చువేయమనగా, రాయలు స్వంత ముద్రాలయము పెట్టుకొనెను. రాయలు 1833లో ఇంగ్లండున బ్రిస్టలు నగరమున మరణించెను.

ఆ 1833లోనే కటకమున పురుషోత్తమ చౌదరిగారు బాప్తిస్మము పొందిరి. 1803లో జన్మించిన ఈయన పర్లాకిమిడి సీమతో సంబంధము గల బ్రాహ్మణ కుటుంబమువారు. 1890లో దివంగతులైరి. రాగతాళములతో కూడిన వీరి కీర్తనలను బరంపురమునందేమి, సికిందరాబాదునందేమి, తెలుగు క్రైస్తవులు నేటికిని పాడుచున్నారు. రాయలు తర్కించిన సిద్ధాంతమునే చౌదరిగారు పాడిరి. ఆ పాటలలో ముద్దాయి వాంగ్మూలము కంటె భక్తుని మొర యెక్కువ. దాశరథీ శతకము, రామదాసు కీర్తనలు విని పెరిగిన చెవికి ఆ మొర పరిచితమైనదే. కోర్టు భాష తెలుగు క్రైస్తవునికి ప్రసంగములలో వచ్చెను, భక్తి భాష పాటలలో వచ్చెను. ఏది హృదయమున నిలిచెనో వేరుగా చెప్ప నక్కరలేదు. యానాములోని కతోలికుల మార్గ మింకొకటి. పాపసంకీర్తనమైన తరువాత గురువు విధించిన జపమునో ఉపవాసమునో పాపి తానే చేయుట వారి యాచారము. అందుచే మన పూర్వుల ప్రాయశ్చిత్తమున కొకింత పోలిక అక్కడ కానవచ్చును.

ఇంకొక సంగతి చెప్పక విడువరాదు. స్మృతులలోని ప్రాయశ్చిత్తములును దండనములును వర్ణమునుబట్టి హెచ్చుతగ్గులు గలవి. చంపబడినవాడు శూద్రుడైనచో ప్రాయశ్చిత్తము అతిస్వల్పము. అందరును సమానముగా దోషులు, అందరికిని ఒకే బలి అను మాట, ఊరి వెలుపలి వాడలలో నివసించు వారి చెవిని పడినప్పుడు అది వేదాంతచర్చగా వినబడి యుండదు. ధాత కరువు తరువాత 1878 జూలైలో ఒంగోలు ప్రాంతమున ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. కరువే కారణమని కొందరు, కాదని కొందరు వాదింతురు. దండనమును తూకము వేయు త్రాసులో తాను పుట్టినది మొదలు తక్కువగా తూగినవానికి, ఆ త్రాసే లేదని చెప్పు మాట యెట్టిదో ఆ వాదకులు కొంచెము ఆలోచింపవలెను. పిమ్మట సంఘములలోనే వేరు వరుసలును వేరు శ్మశానములును వెలసినవనుట కూడ నిజమే. సిద్ధాంతము వెళ్లినంత దూరము మనుష్యులు వెళ్లలేదు.

మన ప్రవాసాంధ్రులు గర్వింపదగిన పేరు పండిపెద్ది చెంచయ్యగారిది. 1886లో నెల్లూరున పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, మద్రాసునందే స్థిరపడిన ఈ న్యాయవాది పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయాధిపతిగా నుండిరి. 1938లో తాంబరమున ప్రపంచ మిషనుల మహాసభ జరుగు సందర్భమున, మిత్రులతో కలసి భారతదేశమున క్రైస్తవమును పునరాలోచించు గ్రంథ మొకటి ప్రకటించిరి. వారి బావమరుదుల వరుసవారైన చక్కరైగారును ఆ గ్రంథమున పాలుగొనిరి. 1932లో సిలువను గూర్చియు భారతీయ చింతనను గూర్చియు పుస్తకము వ్రాసినవా రీయనయే. చెంచయ్యగారికి సిలువ దండనము కంటె, క్రీస్తు నూతనసృష్టికి ఆరంభమనుట ముఖ్యము. ఆయన వలన మానవజాతిలో క్రొత్త జీవశక్తి ప్రవేశించెననియు, దానిలో పాలుపొందుటయే రక్షణ యనియు వారి మతము. దినమంతయు న్యాయపీఠముపై కూర్చుండిన వ్యక్తియే దేవుని న్యాయపీఠముపై కూర్చుండబెట్టి చూచుటకు ఇష్టపడకపోవుట నాకు మిక్కిలి అర్థవంతముగా తోచును. న్యాయస్థానము ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో ఆయనకు తెలిసినంతగా పాశ్చాత్య వేదాంతులకు తెలియదు గదా! చెంచయ్యగారు 1959లో మరణించిరి.

మాటలయొద్దకే మరలి వత్తును. లూథరును బాధించిన పదమునకు తెలుగు బైబిలు "నీతి" అని పెట్టినది. మనకు నీతి యనగా సుమతీ శతకము, హితోపదేశము. న్యాయస్థానపు వాసన దానికి లేదు. కావున లూథరు పడిన భయము తెలుగు పాఠకునికి కలుగదు. ఆయన పొందిన ఆనందమును అంతగా కలుగదు. పాపనివారణను సూచించు గ్రీకు పదములు రెండు, ఒకే ధాతువునుండి పుట్టినవి, క్రొత్త నిబంధనలో నున్నవి. అవి దేవుని కోపమును శాంతింపజేయుటను చెప్పునా, పాపమును కడిగివేయుటను చెప్పునా యని పండితులు నేటికిని పోరాడుచున్నారు. 1931లో ఇంగ్లండున డాడ్ పండితుడు కడుగుటయే యనగా, 1955లో ఆస్ట్రేలియావాడైన లియాన్ మారిస్ కోపశాంతిని విడువరాదని బదులు చెప్పెను. మన తెలుగు అనువాదకులు ఒకచోట "కరుణాధారము" అనియు, ఇంకొకచోట "శాంతికరము" అనియు వేసిరి. ఇరుపక్షములును ఒకే పుస్తకమున ఇమిడిపోయినవి.

ఆ రెండవ మాటయు మా అరుగు మీద చర్చకు వచ్చినది. "శాంతికరమనగా మా గ్రహశాంతి వంటిదేనా, పంతులుగారూ?" అని తాతగారడిగిరి. "అందు శాంతి చేయించుకొనువారు మీరు, అయ్యగారూ. ఇందు కోపపడవలసినవాడే శాంతి చేసెనని మేమందుము" అని పంతులుగా రనిరి. తాతగారు కొంతసేపు పలుకక, "అట్లైన ఇది వ్యవహారాధ్యాయమున చేరదు" అనిరి. మరునాడు వాయిదా యుండుటచే కాగితములు సర్దుకొనవలెనని లోనికి వెళ్లిరి.